తలుపు తీస్తే లైటు పోయే గది

మా మనవరాలి ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "ఈ వయసులో నీకేం పని ఇస్తారు నాన్నా?" అని మా అమ్మాయి ముక్కున వేలేసుకుంది. మంచం మీద పడుకుని అరవడం, అన్నాను. "అది ఇంట్లో చేస్తున్నదేగా, దానికి ఆఫీసుదాకా ఎందుకు?" అంది.

పని మాత్రం నిజంగా అదే. మా మనవరాలి టీము ఒక యంత్రం తయారు చేస్తోంది. మంచం దిగలేని పెద్దవాళ్ళ గదిలో దాన్ని పెడితే నోటిమాటకే తలుపులు తెరుచుకోవాలి, లైట్లు వెలగాలి, ఫ్యాన్లు తిరగాలి. దాని చెవికి ముసలి గొంతులు అలవాటు చెయ్యాలి కాబట్టి నన్ను పిలిచారు. నా గొంతు సంగతి మీకు తెలియదు. చిన్నప్పుడు మా పల్లెబడిలో నేను "వచ్చాను సార్" అంటే పక్క ఊరి బడిలో కూడా నాకు హాజరు వేసేవారు.

టీము అంటే ఎంతోమంది అనుకోకండి. తలుపుల పని చూసేది 'తాళం'. ఆయన సగం జీవితం తాళాలు బాగుచేసుకుంటూ గడిపాడు. తాళాల్లోకి చిప్పులు దూరాక ఆయనా వాటి వెంట దూరి, వాటికి ఆజ్ఞలు రాయడం నేర్చుకున్నాడు. లైట్లూ ఫ్యాన్ల పని చూసేది 'మెరుపు'. కాలేజీ నుంచి నిన్నగాక మొన్న బయటపడ్డ పిల్ల, నడుస్తుంటే వెనకాల గాలి ఈల వేసేది. ఇక నర్సమ్మ. వార్డులో నడుం పట్టేసి ఆసుపత్రి మానేసింది. రోగి వైపు నుంచి యంత్రాన్ని పరీక్షించడం ఆవిడ పని. వీళ్ళందరికీ పెద్ద మా మనవరాలు.

తాళానికీ మెరుపుకీ మొదటి రోజునే చెడింది. తాళం ఏం రాసినా, తాళం వేశాక లాగి చూసినట్టు, దాన్ని అటునుంచి లాగి ఇటునుంచి లాగి చూస్తేగాని వదలడు. మెరుపు రాసేసి, లేచి, టీ తాగి వచ్చేస్తుంది.

"ఒక్కసారైనా లాగి చూసుకోవా తల్లీ? నీకు రాత్రి నిద్రెలా పడుతుంది?" అన్నాడు తాళం.

"నేను స్విచ్చి వేస్తే వెలుగుతుంది బాబాయ్. బల్బుని పట్టుకుని లాగక్కర్లేదు," అంది మెరుపు.

అంతే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే నోళ్ళు మూతపడ్డాయని కాదు. ఆయన మంచినీళ్ళ కూజాతో చెప్పేవాడు: "కొంతమందికి పెద్దాచిన్నా ఉండదమ్మా కూజా!" ఆ పిల్ల ఫ్యానుతో చెప్పేది: "కొంతమందికి తుప్పు బుర్రదాకా పాకిందిరా ఫ్యానూ!" కొన్నాళ్ళకి ఆ కూజా నీళ్ళు తాగినవాళ్ళకి కూడా మెరుపు మీద కోపం రావడం మొదలైందని నర్సమ్మ ఒట్టు పెట్టి చెప్పేది.

ఇదంతా యజమాని చెవిన పడింది. ఆయనకి చప్పుడంటే ప్రాణం మీదికి వస్తుంది. మా మనవరాల్ని పిలిచి, పై అంతస్తుకేసి వేలు చూపించాడు. అక్కడ నలుగురు కుర్రాళ్ళ టీము ఒకటి ఉంది. ఒకే కాలేజీ, ఒకే హాస్టలు, ఒకే రకం మీసం. ఒకడికి జలుబు చేస్తే నలుగురూ తుమ్మేవారు. ఒకడు ఏదైనా అంటే మిగతా ముగ్గురూ "ఊ" అనేవారు. అందుకని వాళ్ళని అందరూ 'ఊ బ్యాచ్' అనేవారు.

"చూడమ్మా, అదీ టీమంటే. గాలి ఆడుతున్న చప్పుడు కూడా వినపడదు," అన్నాడు యజమాని. "వృద్ధాశ్రమం సూపరింటెండెంటుగారు నీ యంత్రం చూడటానికి వస్తున్నారు. ఆవిడకి నచ్చితే నీ టీము ఉంటుంది. నచ్చకపోతే పని పైవాళ్ళకి ఇచ్చేసి, నీ వాళ్ళని తలో చోటా సర్దేస్తాను. నువ్వూ పైకెళ్ళి వాళ్ళతో కూర్చుందువుగాని."

ఆ సాయంత్రం మా మనవరాలి మొహంలో నెత్తురు లేదు. "తాతయ్యా, ఊ అనడం కూడా ఒక ఉద్యోగమేనా?" అంది. పాపం, ఆ పిల్ల ఒక్కొక్కర్నీ ఏరికోరి తెచ్చుకుంది. వేరే వేరే బతుకులు బతికినవాళ్ళయితే యంత్రానికి అన్నివైపులా కళ్ళుంటాయని దాని నమ్మకం. ఇప్పుడా కళ్ళు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి.

మర్నాడే శాంతి స్థాపించింది. వసారాకి ఈ కొసన ఒక గది తాళానికి, ఆ కొసన ఒక గది మెరుపుకి. "ఎవరికేం కావాలన్నా నాతో చెప్పండి, నేను అటు చేరవేస్తాను," అంది. ఇద్దరూ సరే అన్నారు, ఒకళ్ళు కూజాకేసి, ఒకళ్ళు ఫ్యానుకేసి చూస్తూ.

ఇక చూడండి, ఆ వసారాలో మా మనవరాలి తిరుగుడు. పోస్టాఫీసు కూడా అంత పని చేసి ఉండదు. తిరిగి తిరిగి దాని చెప్పులు కాగితంలా పలచబడి, కిందపడ్డ నాణెం మీద కాలేస్తే బొమ్మో బొరుసో పాదానికే తెలిసిపోయేదట.

ఒకరోజు నేను టీ గ్లాసుతో వసారాలో నిలబడి ఉండగా మెరుపు తన గది గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, ఆ తుప్పు తాళాన్ని అడుగు. 'తీయి' అంటే తన వైపు ఏం జరుగుతుందో చెప్పమను. నా వైపైతే ఆరిపోతుంది. బుర్రుంటే చెప్తాడు, లేకపోతే దానిక్కూడా తాళం వేసుకోమను!"

మా మనవరాలు బయల్దేరింది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు దారిపొడుగునా ఆ మాటల్లో రాళ్ళన్నీ ఏరి పారేసుకుంటూ నడిచింది. తుప్పు పోయింది. బుర్ర పోయింది. తాళం వేసుకోవడం పోయింది. ఆ కొసకి చేరేసరికి మిగిలింది ఇంతే: "బాబాయ్, మీ పని ఎలా ఉందో కనుక్కోమంది."

తాళం మొహం విచ్చుకుంది. "అడిగిందా? బ్రహ్మాండంగా ఉందని చెప్పు. కళ్ళు నెత్తికెక్కనివాళ్ళెవరికైనా కనపడేంత బ్రహ్మాండంగా ఉందని చెప్పు. ముందు దాని పని దాన్ని చూసుకోమను!"

మా మనవరాలు వెనక్కి నడిచింది. మళ్ళీ రాళ్ళు ఏరింది. "అంతా బ్రహ్మాండంగా ఉందన్నారు," అని మెరుపుకి చెప్పింది.

ఆహా, ఎంత సంస్కారంగా పెంచాం పిల్లని, అని నేను మురిసిపోయి ఇంకో టీ తాగాను.

తలుపుల గదిలో తలుపులు చక్కగా పనిచేశాయి. లైట్ల గదిలో లైట్లు చక్కగా పనిచేశాయి. నర్సమ్మ ఇటూ అటూ వెళ్ళి దేనికదే చూసి బావుందంది. రెంటినీ కలిపి చూడాలంటే ఇద్దరినీ ఒక గదిలో నిలబెట్టాలి, నిలబెడితే చప్పుడవుతుంది. అందుకని కలపడం ప్రదర్శన రోజుదాకా వాయిదా పడింది. ఆ పొద్దున తాళం వచ్చి తన తీగలు బిగించి వెళ్ళాడు. ఆయన వెళ్ళాడని రూఢి చేసుకుని మెరుపు వచ్చి తన తీగలు బిగించి వెళ్ళింది.

ప్రదర్శన కోసం ఒక నమూనా గది పెట్టారు. కిటికీ లేదు, బయట వసారాలోనూ వెలుతురు అంతంతమాత్రం. ఒక మంచం, ఒక కుర్చీ, నెత్తిన లైటూ ఫ్యానూ, బరువైన తలుపు. మంచం మీద రోగిని నేనే. దుప్పటి గడ్డందాకా లాక్కుని, ఉన్న వయసుకి ఇంకో పదేళ్ళు కలిపి మూలగడం మొదలుపెట్టాను.

సూపరింటెండెంటమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు పైనుంచి చూసే మనిషి. ఆ చూపుకి గోడ మీద వంకరగా ఉన్న కేలండరు దానంతటదే తిన్నగా సర్దుకుంది. తలుపు మూసుకున్నారు. మిగతావాళ్ళంతా బయట నిలబడ్డారు.

"కానివ్వండి పెద్దాయనా," అంది.

"తలుపు తీయి!" అన్నాను.

తలుపు ఎంతో వినయంగా తెరుచుకుంది. అదే క్షణంలో లైటు ఆరిపోయింది, ఫ్యాను ఆగిపోయింది.

"ఇది కూడా ప్రదర్శనలో భాగమేనా?" అంది చీకట్లోంచి ఆవిడ గొంతు.

"లైటు వెయ్యి!" అన్నాను కంగారుగా.

లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తలుపు ధడేలుమని మూసుకుంది. ఏం జరిగిందో చూద్దామని లోపలికి తల పెట్టబోతున్న యజమాని ముక్కు వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

అప్పటికి నాకు బోధపడింది. యంత్రానికి చెవులు బాగానే ఉన్నాయి గాని, 'తీయి' అంటే తాళం రాసింది తలుపు తెరుస్తుంది, మెరుపు రాసింది లైటు ఆర్పేస్తుంది. 'వెయ్యి' అంటే ఆయన సగం తలుపు మూసేస్తుంది, ఈవిడ సగం లైటు వెలిగిస్తుంది. ఏం తియ్యాలో, ఏం వెయ్యాలో పట్టించుకున్న సగం ఏదీ లేదు. ఆ గదిలో వెలుతురు కావాలంటే ఖైదులో ఉండాలి. బయటపడాలంటే చీకట్లో తడుముకోవాలి.

"మర్యాదగా అడగాలేమో," అంది సూపరింటెండెంటమ్మ. "బాబూ, దయచేసి తలుపు తీయండి."

తలుపు తెరుచుకుంది. చీకటి పడింది. ఆవిడ లేచి గుమ్మంకేసి అడుగేసింది. మంచంకోడు మోకాలికి తగిలింది. "అబ్బా! ఎవరైనా లైటు వెయ్యండర్రా!" అని అరిచింది.

ధడేల్. ఆవిడ లోపల ఉండిపోయింది. ఎంత వేగంగా మూసుకుందంటే, ఆవిడ నీడ మాత్రం వసారాలో మిగిలిపోయి కాసేపు దిక్కులు చూసిందని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఈసారి నేను ఎంత అరిచినా తలుపు కదల్లేదు. లైటు మాత్రం ఆరి వెలుగుతోంది. అంత గబగబా తెరిచి మూసేసరికి, ఎవరో దొంగ వచ్చాడనుకుని తలుపుకున్న తాళం బిగుసుకుపోయింది. అదీ మన తాళం పెట్టిన జాగ్రత్తే. అది వదలాలంటే ఒక్క నిమిషం కరెంటు కట్టెయ్యాలి. కరెంటు మెరుపు చేతిలో ఉంది.

బయట నుంచి తాళం గొంతు వినపడింది. "కరెంటు కట్టేస్తే బావుండునమ్మా గోడా."

"ఎందుకు కట్టెయ్యాలో కాస్త చెప్తే బావుండునే గోడా," అంది మెరుపు.

నేను దుప్పటి విసిరికొట్టి లేచాను. "ఓరి మీ గోడలు కూలిపోనూ! మనుషులం లోపలున్నాం! ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడి చావండి!"

ఎప్పుడో మాట్లాడవలసినవాళ్ళు ఇప్పుడు మాట్లాడారు. కట్ట తెగినట్టు. సూపరింటెండెంటమ్మ కుర్చీని తలుపు దగ్గరికి జరుపుకుని చెవి పెట్టింది. నేను ఇంకో చెవికి సరిపడా చోటు చూసుకున్నాను.

"తీయి అంటే తలుపు కాక ఇంకేం తీస్తారే? నీ లైట్లు ఎందుకు ఆరాయి?"

"ఫ్యాను తీసెయ్, లైటు తీసెయ్ అని మీ ఇంట్లో అనరా బాబాయ్? వెయ్యి అంటే స్విచ్చి కదా, మీ తలుపెందుకు మూసుకుంది?"

"తలుపు వెయ్యమని మీ అమ్మ ఎప్పుడూ అనలేదా? ఏది తియ్యాలో ఏది వెయ్యాలో నీ వైపు చూసుకుంటావనుకున్నాను!"

"నేను మీరు చూసుకుంటారనుకున్నాను! అసలు అడగనే అడిగాను కదా, తీయి అంటే మీ వైపు ఏమవుతుందని! బ్రహ్మాండంగా ఉందని మీరే కదా చెప్పించారు!"

"ఎప్పుడడిగావు?"

"అక్కా, అడగలేదా నువ్వు?"

ఇటువైపు సూపరింటెండెంటమ్మ నాకేసి చూసింది. "ఆ అక్క మీకేమవుతుంది?" అంది గుసగుసగా. "మనవరాలండీ," అన్నాను నేలచూపులు చూస్తూ.

"అడగలేదు," అంది మా మనవరాలు. "తిట్లన్నీ తీసేసి చెబుదామనుకున్నాను బాబాయ్. తిట్లు తీసేస్తూ తీసేస్తూ ప్రశ్న కూడా తీసేశాను."

"ఇదిగో, మళ్ళీ తియ్యడమే!" అని నర్సమ్మ నవ్వబోయి ఆపుకుంది.

"తుప్పు తాళం అని కూడా అన్నాను," అంది మెరుపు చిన్నగా.

"అదీ చెప్పాల్సింది," అన్నాడు తాళం. "ఆ మాటకి ఒళ్ళు మండి నీ గదికి వచ్చేవాణ్ణి. వస్తే ప్రశ్న తెలిసేది."

కరెంటు ఆగింది. తాళం ఏదో లాగాడు, ఇంకోసారి లాగాడు, లాగి చూశాడు. తలుపు తెరుచుకుంది.

యజమాని చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "క్షమించాలి మేడమ్, వీళ్ళకి ఎప్పుడూ గొడవే. పైన ఒక చక్కటి టీము ఉంది. పని వాళ్ళకి ఇచ్చేస్తున్నాను." అని ఊ బ్యాచ్‌ని కిందికి పిలిపించాడు. నలుగురూ వరసగా వచ్చి నిలబడ్డారు.

"ఈ గదిలో తప్పెక్కడుంది నాయనా?" అని అడిగింది సూపరింటెండెంటమ్మ.

"లైట్లలో ఉందండి," అన్నాడు మొదటివాడు. మిగతా ముగ్గురూ "ఊ" అన్నారు.

"తలుపులో లేదంటారా?"

"తలుపులోనే ఉందండి," అన్నాడు మొదటివాడు. "ఊ."

"కేలండర్లో ఉందేమో?"

మొదటివాడు కేలండరుకేసి చూశాడు. నలుగురూ చూశారు. "ఊ" అన్నారు, ఈసారి నలుగురూ కలిసే.

సూపరింటెండెంటమ్మ మోకాలు తడుముకుంటూ గొడుగు అందుకుంది. "వచ్చే వారం మా ఆశ్రమంలో చూపించండి, ఈ అరిచేవాళ్ళే," అంది. యజమాని నోరు తెరిచి, ఆవిడ చూపు చూసి, మూసుకున్నాడు. తర్వాత మాత్రం మా మనవరాల్ని పక్కకి పిలిచి, "అక్కడ కూడా చెడితే, ఇక మాట్లాడేదేం లేదమ్మా," అన్నాడు.

ఆ వారం వసారా ఖాళీ. అందరూ ఒకే గదిలో. "ఎవరు ఎవర్ని ఏమనాలన్నా మొహం మీదే అనండి, నేను ఇక మొయ్యను," అంది మా మనవరాలు. అబ్బో, ఏం పోట్లాట అనుకున్నారు! కింద వీధిలో వెళ్ళే బస్సులు హారను కొట్టడం మానేసి చెవులు రిక్కించి వినేవి.

"వార్డులో ఎవరూ పేరు పెట్టి చెప్పరు," అంది నర్సమ్మ. "కాస్త తియ్యమ్మా అంటారంతే. దుప్పటో, ఫ్యానో, కిటికీయో. దేన్నండీ అని మనమే అడగాలి. యంత్రం కూడా అడగాలి."

"ప్రతిసారీ అడిగితే దాని పీక నొక్కేస్తారు," అంది మెరుపు. "తలుపు తీయి అని పేరు పెట్టి చెప్పినవాణ్ణి కూడా దేన్నండీ అంటే తంతారు."

"పేరు చెబితే చేసెయ్యాలి, చెప్పకపోతేనే అడగాలి," అన్నాడు తాళం. "అడిగాక జవాబు వచ్చేదాకా ఏదీ ముట్టుకోకూడదు. దేన్నీ!"

"పొద్దుటి నుంచి నేను మొత్తుకుంటున్నది అదే బాబాయ్!"

"అయితే ఇంత గట్టిగా ఎందుకు మొత్తుకుంటున్నావే?"

ఆశ్రమంలో మాకు చూపించిన గది ఒక బామ్మగారిది. కింద నుంచి పైదాకా అక్కడ ఆవిడంటే హడలు. డాక్టరు కూడా ముందు తలుపు సందులోంచి ఆవిడ మొహం చూసి, బావుంటేనే లోపలికి వెళ్ళేవాడట. మేమంతా గోడకి అంటుకుని నిలబడ్డాం. సూపరింటెండెంటమ్మ, యజమాని మంచానికి కాళ్ళ వైపున ఉన్నారు. మా మనవరాలు నా చెయ్యి పట్టుకుంది.

"తలుపు తీయి," అంది బామ్మగారు. తలుపు తెరుచుకుంది. లైటు వెలుగుతూనే ఉంది. యజమాని ఊపిరి వదిలాడు.

"ఫ్యాను వెయ్యి." ఫ్యాను తిరిగింది. తలుపు కదల్లేదు.

బామ్మగారు అందర్నీ ఒకసారి పరీక్షగా చూసింది. ఇంత సులువుగా ఒప్పుకోవడం ఆవిడ వంటికి పడదు. "ఊఁ. తీయి," అంది ఒట్టి మాటగా.

"దేన్నండీ?" అంది యంత్రం. దానికి నర్సమ్మ గొంతే పెట్టారు.

"కనపట్టం లేదూ?"

"దేన్ని తియ్యమంటారండీ?"

"నీ మొహం తీయి!"

యంత్రం కాసేపు ఆలోచించింది.

"మొహం ఈ గదిలో లేదండీ," అంది ఎంతో మర్యాదగా. "తలుపు ఉంది, లైటు ఉంది, ఫ్యాను ఉంది. వీటిలో దేన్నండీ?"

బామ్మగారి కనుబొమ్మలు పైకి లేచాయి. నోరు తెరుచుకుంది. మా మనవరాలు కళ్ళు మూసుకుంది. ఇంతలో ఆ మంచం మీంచి ఒక నవ్వు బయల్దేరింది. ముందు కీచుగా, తర్వాత పొట్ట పట్టుకుని, చివరికి మంచం కోళ్ళు నాలుగూ టకటకలాడేలా. సూపరింటెండెంటమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఎవరు రాశారు ఆ మాట?" అంది.

"మెరుపే," అన్నాడు తాళం, ఆ పిల్లని చూపించి.

"ఆయనే," అంది మెరుపు, తాళాన్ని చూపించి. "నేను చెప్పింది యంత్రాన్ని నోరు మూసుకుని ఊరుకోమని."

"నేను చెప్పింది కూడా అదే! ఉన్నవాటి పేర్లు చదవమంది నర్సమ్మగారు!"

"పేర్లు చదవమన్నానుగాని, మొహం సంగతి ఎత్తమన్నానా?"

"ఎత్తకపోతే ఆవిడకి జవాబెలా వస్తుంది?" అంది మా మనవరాలు, కళ్ళు తెరిచి, అందరికంటే గట్టిగా. దాని నోట అంత గొంతు వినడం నాకూ అదే మొదటిసారి.

యజమాని కంగారుగా పెదాల మీద వేలు పెట్టుకుని "ష్" అన్నాడు.

"ఎవడయ్యా నువ్వు, మధ్యలో?" అంది బామ్మగారు ఆయన్ని. "వాళ్ళని మాట్లాడనీ. ఏమ్మా సూపరింటెండెంటూ, ఇది నా గదిలో ఉంటుంది. మిగతా గదుల్లో కూడా పెట్టించు, వీళ్ళచేతే. ఇదిగో అమ్మాయ్ మెరుపూ, నా మంచం కూడా దీని మాట వినేలా చెయ్యి. తల వైపు లేవాలి."

"తల వైపు లేపడానికి తాళం పెట్టాలండీ, లేకపోతే జారుతుంది," అన్నాడు తాళం.

"దేనికి బాబాయ్ తాళం? మోటారు చాలు."

"మోటారు జారితే?"

"జారదు."

"లాగి చూశావా?"

బామ్మగారు దిండు సర్దుకుని, బాగా వినపడేలా వాళ్ళకేసి తిరిగి కూర్చుంది.